పంపకాలకు ముందు రాసుకోవలసినవి

ఒక మాస్టారి పేరున వారి పిల్లలు నెలకొల్పిన ధర్మనిధి ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక్కటే అడిగారు: పెన్షనర్ల సంఘం హాల్లో కూర్చునేవాళ్ళకి రేపు పొద్దున పనికొచ్చే సంగతి చెప్పండి అని. జిల్లా కోర్టులో సివిల్ దావాలు చూస్తూ వయసు గడిపినవాణ్ణి, నాకు తెలిసిన పనికొచ్చే సంగతి ఇదొక్కటే. వయసు మళ్ళిన దంపతులు తమ ఆస్తినీ తమ చివరి ఏళ్ళనీ కలిపి ఎలా రాసుకోవాలి?

వీలునామా రాయించుకుందామని వచ్చేవారు దాదాపు అందరూ ఒకే ప్రశ్నతో వస్తారు. నేను పోయాక ఎవరికెంత? పెద్దాడికి మేడ, చిన్నాడికి పొలం, అమ్మాయికి బంగారం. ఇంత పకడ్బందీగా ఆలోచించి వచ్చిన మనిషిని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీరు మంచాన పడితే మందులెవరు తెస్తారు? మీ సంతకం కుదరని రోజు వస్తే బ్యాంకు నుంచి మీ డబ్బు మీ వైద్యానికి ఎవరు తీస్తారు? మీ తర్వాత మీ ఆవిడ ఏ ఇంట్లో ఉంటారు? జవాబు రాదు. చావు తర్వాతి లెక్క కంఠతా వస్తుంది, చావుకి ముందున్న పదేళ్ళ లెక్క మాత్రం పిల్లల మంచితనానికి వదిలేస్తాం. ఆ పదేళ్ళే ముందు రాసుకోవాలని, పంపకాలు ఆ తర్వాతి సంగతని చెప్పడానికే వచ్చాను.

ముందు ఇంటి ఇల్లాలి సంగతి. మన ఊళ్ళలో ఇప్పుడు డెబ్భై దాటిన తరంలో ఇల్లు ఎక్కువగా భర్త పేరునే ఉంటుంది. ఆయన ఏమీ రాయకుండా పోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తి భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ, బతికి ఉంటే ఆయన తల్లికీ సమాన భాగాలుగా వెళుతుంది. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో, అత్తగారు లేకపోతే, నలభై ఏళ్ళు ఆ ఇంట్లో కాపురం చేసిన మనిషి ఆ ఇంటికి నాలుగో వంతు యజమానురాలు. మిగతా మూడు వంతుల వారూ అమ్ముదామంటే ఆవిడ ఒక్కతే అడ్డం నిలబడాలి. కన్నబిడ్డల మీద ఆవిడ దావా వెయ్యదు. ఎవరి దగ్గర ఉండమంటే అక్కడికి సంచి సర్దుకుంటుంది.

అందుకని భర్తలకు నా మొదటి సలహా: ఇల్లు మీ స్వార్జితమైతే మీ తదనంతరం దాన్ని మీ భార్యకే సర్వహక్కులతో వీలునామా రాయండి. ఆవిడకి బతికున్నంతకాలం అనుభవించే హక్కు మాత్రమే ఇచ్చి, ఆ తర్వాత కొడుకులకు అని రాయించడం మనవాళ్ళకి అలవాటు. అలా రాస్తే, అవసరానికి ఇల్లు అమ్మి చిన్న ఫ్లాటు కొనుక్కుని మిగతా డబ్బుతో పనిమనిషినీ నర్సునీ పెట్టుకునే దారి ఆవిడకి మూసేసినట్టే. ఆవిడ తన పిల్లలకి అన్యాయం చేస్తుందన్న భయం ఎందుకు?

ఈ విషయంలో మన ప్రాంతం నుంచే సుప్రీంకోర్టుకి వెళ్ళిన ఒక గొప్ప కేసు ఉంది. వి.తులసమ్మ వర్సెస్ శేషారెడ్డి, 1977 తీర్పు. భర్త పోయిన తులసమ్మ గారు పోషణ కోసం మరిది మీద దావా వేశారు. తర్వాత రాజీ కుదిరి, కొంత ఆస్తి ఆవిడకి జీవితకాలం అనుభవించేటట్టుగా ఇచ్చారు. 1956 చట్టం వచ్చాక ఆవిడ హక్కు ఎంతవరకు అన్న తగాదా ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాటి ఢిల్లీ చేరింది. పోషణ పొందే హక్కు ఆవిడకి ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, కుటుంబపు ఆస్తి మీద ముందునుంచీ ఉన్నదే, ఆ హక్కుకి బదులుగా ఇచ్చిన ఆస్తి కనుక అది ఆవిడకి సంపూర్ణంగా చెందుతుందని కోర్టు తేల్చింది. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఆస్తి తీసుకున్నవాడు అన్నం పెట్టాలన్నది మన పాత న్యాయంలోనే ఉంది. ఆ రెంటినీ విడదీసి, ఆస్తి కాగితం మీదికీ, అన్నం నోటిమాట మీదికీ మార్చింది మనమే.

ఆ విడదీయడం ఎక్కువగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరుగుతుంది, గిఫ్ట్ సెటిల్‌మెంట్ అనే దస్తావేజుతో. మనం దానసెటిల్‌మెంట్ అంటాం. పిల్లలు దాన్నే కోరడానికి కారణాలున్నాయి. కుటుంబంలోపల కాబట్టి అమ్మకం దస్తావేజుకంటే స్టాంపు డ్యూటీ తక్కువ. వీలునామా అయితే తర్వాత అన్నదమ్ములెవరైనా కోర్టుకెక్కవచ్చు, దీనికి ఆ బెడద తక్కువ. అమెరికాలో ఉన్న అబ్బాయికి సెలవు రెండు వారాలే, ఆ రెండు వారాల్లో పని తెమలాలి. దస్తావేజు లేఖరి దగ్గర నమూనా సిద్ధంగా ఉంటుంది: ప్రేమానురాగాలతో ఇస్తున్నానని, ఈ రోజే స్వాధీనం చేశానని, ఇకపై దాన విక్రయాది సకల హక్కులూ నీవేనని, నాకుగాని నా వారసులకుగాని ఏ హక్కూ లేదని. ఆ తండ్రి వేలిముద్ర వేసి, ఫొటో దిగి, ఇంటికి వస్తాడు. వచ్చిన ఇల్లు ఇక ఆయనది కాదు. వీలునామాని రేపు మార్చుకోవచ్చు, చివరిసారి రాసిందే చెల్లుతుంది. రిజిస్టరైన దానాన్ని ఇచ్చినవాడు తన ఇష్టం మీద వెనక్కి తీసుకోలేడు.

ఇక్కడ 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం అక్కరకొస్తుంది. దాని 23వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం అమల్లోకి వచ్చాక అరవై నిండిన వ్యక్తి తన కనీస అవసరాలు చూడాలనే షరతుతో ఆస్తి ఇస్తే, తీసుకున్నవారు చూడకపోతే, ఆ బదిలీ మోసంతోనో ఒత్తిడితోనో జరిగినట్టు భావించి ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. ట్రిబ్యునల్ అంటే మన దగ్గర ఆర్డీవో ఆఫీసే. లాయరు లేకుండా మీరే అర్జీ పెట్టుకోవచ్చు. పైన అప్పీలు కలెక్టరుకి.

కీలకం మొత్తం ఆ షరతులో ఉంది. 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు, షరతు ఉన్నదని చూపకుండా కేవలం చూడలేదని చెప్పి బదిలీ రద్దు చేయడం కుదరదంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కొడుక్కి ఇచ్చిన దానాన్ని అదే కోర్టు రద్దు చేసి, ఆస్తి తిరిగి ఆమెకి అప్పగించమంది. ఆ తల్లికి దానపత్రంతోపాటు కొడుకు రాసిచ్చిన వాగ్దాన పత్రం ఒకటి ఉంది, జీవితాంతం చూసుకుంటానని. ఈ చట్టాన్ని వృద్ధుల మేలు దృష్టిలో పెట్టుకుని ఉదారంగా చదవాలని కూడా కోర్టు అన్నది. మంచిదే. కానీ డెబ్భై అయిదేళ్ళ మనిషి ఏ బెంచీ ఎలా చదువుతుందోనని ఎదురుచూస్తూ కూర్చోకూడదు. దస్తావేజులోనే తెలుగులో స్పష్టంగా రాయించండి: ఈ ఇంట్లో మేమిద్దరం బతికున్నంతకాలం ఉంటాం, తిండి, బట్ట, వైద్యం, మంచాన పడితే మనిషిని పెట్టడం ఖర్చు నీది, అలా చూడకపోతే 2007 చట్టం 23వ సెక్షన్ కింద ఈ దస్తావేజు రద్దు చేసుకునే హక్కు మాకుంది, మేము బతికుండగా మా సంతకం లేకుండా దీన్ని తాకట్టు పెట్టరాదు, అమ్మరాదు. ఇంట్లో ఉండే హక్కు ఒక్కటి రాయించుకుని సరిపెట్టుకునేవారు చాలామంది. గది మిగిలి గంజి పోసే మనిషి లేకపోతే ఆ హక్కుతో ఏం చేస్తారు?

అబ్బాయి నొచ్చుకుంటాడేమోనని కొందరు తల్లులు నా ముందే వెనక్కి తగ్గారు. చూసుకోవాలనే ఉద్దేశం ఉన్న కొడుక్కి ఆ నాలుగు పంక్తుల వల్ల పోయేదేమీ లేదు. అబ్బాయి నొచ్చుకోకపోయినా కోడలో అల్లుడో అప్పులవాళ్ళో రేపు ఆ ఇంటి మీదికి రావచ్చు. అతనే మీకంటే ముందు పోవచ్చు కూడా. ఆ పంక్తులు వాళ్ళందరినీ ఉద్దేశించి రాసినవి. ఇంతా చెప్పి నా గట్టి అభిప్రాయం దాచుకోను. ఉంటున్న ఒక్క ఇంటిని బతికుండగా ఎవరికీ దానం రాయకండి, వీలునామా చాలు. రెండో స్థలం, రెండో పొలం ఉంటే ఇవ్వండి.

వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద మీరు సంతకం చేసి, దాన్ని చూసిన ఇద్దరు సాక్షులు మీ ఎదుట సంతకం చేస్తే చాలునని 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ చెబుతుంది. అయినా రిజిస్టర్ చేయించమనే నేను చెబుతాను. రిజిస్టరైనంత మాత్రాన నిజమని రుజువైపోదు గాని, కాగితం పోదు. జిల్లా రిజిస్ట్రారు దగ్గర సీలు వేసిన కవరులో భద్రపరిచే సౌకర్యం కూడా ఉంది, అది చాలామంది వాడుకోరు. సాక్షుల్ని మీకంటే చిన్నవాళ్ళని చూసుకోండి. మీ ఈడు స్నేహితుల్ని పెడితే, కోర్టులో చెప్పడానికి వాళ్ళు మిగలరు. లాభం పొందే కొడుకే లేఖరిని మాట్లాడి, కారులో తీసుకెళ్ళి, పక్కన కూర్చుని రాయించిన వీలునామాని కోర్టు అనుమానంతో చూస్తుంది. 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు ఈ అనుమానాస్పద పరిస్థితుల గురించి చెప్పిన మాటలే నేటికీ ప్రమాణం. ఆ అనుమానాలు తీర్చే భారం వీలునామా పట్టుకొచ్చినవారిదే. ఒకరికి తక్కువ రాస్తే, ఎందుకు తక్కువ రాశారో ఒక వాక్యం రాయండి. చదువుకి ఖర్చుపెట్టామనో, పెళ్ళిలో ఇచ్చామనో, ఫలానా అమ్మాయి మమ్మల్ని చూసుకుందనో.

ముస్లిం సోదరులకి నియమాలు వేరు. అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మిగిలినదానిలో మూడో వంతుకి మించి వారసుల సమ్మతి లేకుండా వీలునామా రాయడానికి లేదు. క్రైస్తవులు రాసిన వీలునామా తర్వాత పెళ్ళి చేసుకుంటే రద్దవుతుంది. వారు ఈ సంగతులు చూసుకోవాలి.

నామినీ గురించి సభలో ఎప్పుడూ అడుగుతారు. బ్యాంకు డిపాజిట్లకీ షేర్లకీ నామినీ అంటే డబ్బు చేతికి అందుకునే మనిషి మాత్రమే. అసలు హక్కు వారసులది, లేదా వీలునామాలో పేరున్నవారిది. షేర్ల విషయంలో 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మళ్ళీ చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రుల్లో ఒకరిని నామినీగా పెడితే ఆ సొమ్ము వారికే చెందుతుంది. కాబట్టి నామినీ ఒకరు, వీలునామాలో మరొకరు ఉండే గొడవ పెట్టుకోకండి.

కూతుళ్ళ సంగతి కాస్త నిలిచి మాట్లాడాలి. పిత్రార్జితంలో ఆడపిల్లకి జన్మతః వాటా ఇవ్వడంలో దేశంలో ముందు నడిచిన రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1986 నాటి సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి. దేశమంతటికీ ఆ హక్కు వర్తించింది 2005 సెప్టెంబరు 9న. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ తీర్పు చెప్పింది. కనుక పిత్రార్జితంలో మీ వాటా మేరకే మీరు వీలునామా రాయగలరు, కూతురి వాటా మీది కాదు. ఇది చట్టం. నా మనసులో ఉన్నది వేరు. తల్లికి పక్షవాతం వచ్చినప్పుడు వచ్చి ఆరు నెలలు కూర్చున్నది కూతురు. ఆసుపత్రిలో రాత్రిళ్ళు పడుకున్నది కూతురు. చివరికి పసుపు కుంకుమ కింద ఎప్పుడో ఇచ్చిన అరెకరం చూపించి, ఆవిడ చేత హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టిస్తారు. నేను ఇలాంటి దస్తావేజులు చాలా చూశాను. సేవ చేసిన మనిషికి ఆస్తిలో గుర్తింపు ఉండాలి. అది కూతురు కావచ్చు, కోడలు కావచ్చు, పెళ్ళి మానుకుని ఇంట్లో ఉండిపోయిన చెల్లెలు కావచ్చు. కోడలు అత్తగారికి వారసురాలు కాదు. పదేళ్ళు సేవ చేసినా మీరు రాస్తేనే ఆవిడకి ఏదైనా దక్కుతుంది.

పిల్లలు లేని వితంతువులు తప్పకుండా వీలునామా రాయాలి. రాయకపోతే, ఆవిడ సొంత సంపాదనతో కొన్న ఇల్లు హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ముందు భర్త వారసులకి వెళుతుంది. పుట్టింటివాళ్ళు తర్వాతి వరసలో ఉంటారు. 2009లో ఓంప్రకాశ్ కేసులో భర్త పోయాక పుట్టింట ఉండి చదువుకుని ఉద్యోగం చేసిన మహిళ కష్టార్జితం, ఆమెను ఏనాడూ పట్టించుకోని అత్తింటి వారసులకే వెళ్ళింది. ఒక్క పేజీ కాగితం రాసి ఉంటే ఆ ఫలితం మారేది.

నాకు అన్నింటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది మతి తప్పే కాలం. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఇలాంటి కాలం కోసమే జీపీయే, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, రాసి పెట్టుకున్నామని చాలామంది ధైర్యంగా ఉంటారు. జీపీయే ఇచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ జీపీయే కూడా సాధారణంగా పోతుంది, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ అదే చెబుతుంది. సరిగ్గా అవసరమైన రోజునే అది పనికిరాదు. కొన్ని దేశాల్లో మతి తప్పాక కూడా నిలిచే అధికార పత్రం రాసుకోవచ్చు, మనకి అలాంటి చట్టం లేదు. సంరక్షకుల్ని నియమించే వీలున్న నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ వంటి కొన్ని వైకల్యాలకే. కోమాలో ఉన్నవారి భార్యలూ పిల్లలూ సంరక్షకులుగా నియమించమని హైకోర్టుల్లో రిట్లు వేసుకుంటున్నారు. తండ్రి ఖాతాలో ఇరవై లక్షలుండి, ఆయన ఐసీయూ బిల్లు కట్టడానికి కొడుకు బయట వడ్డీకి తేవడం మన ఊళ్ళలో జరుగుతున్నదే.

చట్టం వచ్చేదాకా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పెన్షన్ ఖాతాని భార్యతో ఉమ్మడిగా, ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు తీసుకునే పద్ధతిలో పెట్టుకోండి. డిపాజిట్లకీ అదే. అన్నీ ఒక్కరి పేరునే ఉంచకండి. తలనొప్పి అనిపించినా భూమి రికార్డులు మీరు బతికుండగానే సరిచేయించండి. పాసు పుస్తకంలో విస్తీర్ణం తేడా, తాతగారి పేరే ఇంకా ఉండడం, ఇవి మీకే తెలిసిన చరిత్రలు. తెలంగాణలో ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చినా, ఆ పొలం తాతగారి నుంచి మీ చేతికి ఎలా వచ్చిందో చెప్పాల్సింది మీరే. ఇంట్లో జీవితాంతం తోడు కావలసిన వికలాంగ బిడ్డ ఉంటే వీలునామా ఒక్కటే చాలదు, ప్రైవేటు ట్రస్టు ఏర్పరచండి. అది మీ మతి మీదగానీ, ప్రాణం మీదగానీ ఆధారపడకుండా నడుస్తుంది.

వంతుల సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. నెలకొకరి ఇంట్లో ఉండడం, అంతకంటే ఘోరంగా అమ్మ పెద్దాడి దగ్గర, నాన్న చిన్నాడి దగ్గర. యాభై ఏళ్ళు కలిసి బతికిన ఇద్దర్ని ఫోనులో మాట్లాడుకోమని విడదీయడం పంపకం కాదు, శిక్ష. పెద్దమనుషులు కూర్చుని ఆస్తి పంచేటప్పుడే దంపతుల్ని విడదీయకూడదని పారీఖత్తులో రాయించాలి. ఖర్చుకి నెలకింత అని అంకె రాయించాలి. 2007 చట్టం కింద ట్రిబ్యునల్ ఇప్పించగలిగే పోషణ గరిష్ఠంగా నెలకి పదివేలు. ఆ పరిమితి తీసేయాలని 2019లో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. రోజంతా ఉండే అటెండెంటు జీతం ముందు పదివేలు ఎంత? పిల్లలు వదిలేస్తే 14567 నంబరు ఎల్డర్‌లైన్‌కి ఫోను చేయవచ్చు, డెబ్భై దాటినవారికి ఆయుష్మాన్ భారత్‌లో అయిదు లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు వస్తుంది. అయితే అది ఆసుపత్రిలో చేరినప్పటి మాట. ఇంట్లో మంచం పక్కన కూర్చునే మనిషికి ఏ కార్డూ జీతమివ్వదు. అందుకే ఒక పొలమో, ఒక డిపాజిట్టో ముట్టుకోకుండా ఇద్దరి సంరక్షణ కోసం ప్రత్యేకించి ఉంచమంటున్నాను. మిగిలితే పిల్లలకే పోతుంది.

చివరగా ఆఖరి రోజుల వైద్యం. 2018 మార్చి 9న కామన్ కాజ్ తీర్పులో సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాలతో ప్రాణం పొడిగించవద్దని ముందే రాసి పెట్టుకునే హక్కును గుర్తించింది. మొదట మేజిస్ట్రేటు ఎదుట సంతకం కావాలన్నారు, అది ఆచరణలో చాలా కష్టమైంది. 2023 జనవరిలో సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట రాసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి దగ్గర ధ్రువీకరిస్తే సరిపోతుంది. మీ తరఫున మాట్లాడేది ఎవరో అందులో పేరు రాయాలి. ఆ తర్వాత కూడా డాక్టర్ల బోర్డులు రెండు చూసి ఒప్పుకోవాలి, కాబట్టి ఎవరో తొందరపడి గొట్టం తీసేస్తారన్న భయం అక్కర్లేదు. ఈ కాగితం ప్రాణం తీయడానికి కాదు. ఐసీయూ బయట నిలబడ్డ పిల్లల్లో ఒకరు వెంటిలేటర్ పెట్టండంటే, ఒకరు వద్దంటే, అమెరికా నుంచి మూడోవారు ఫోనులో నేను వచ్చేదాకా ఉంచండంటే, ఆ ముగ్గురి మీదా భారం పడకుండా మీరే చెప్పి ఉంచడం. పేరు రాసిన మనిషికి ఒక నకలు ఇవ్వండి, మీ డాక్టరుకి ఒకటి, పంచాయతీకో మున్సిపాలిటీకో ఒకటి.

నాకిచ్చిన సమయం దాటింది. దస్తావేజుల నమూనాలు తెలుగులో కొన్ని తయారుచేసి తెచ్చాను, సంఘం కార్యదర్శి గారి దగ్గర ఉన్నాయి. షరతుతో కూడిన సెటిల్‌మెంటు ఒకటి, వీలునామా ఒకటి, ఆఖరి వైద్యం గురించిన పత్రం ఒకటి. వాటిని నకలు తీసుకోండి, కానీ అలాగే దింపేయకండి, మీ ఇంటి సంగతులు పెట్టి మీ లాయరుకి చూపించండి. ఇక్కడ దంపతులుగా వచ్చినవారు ఇద్దరూ కలిసి చదవండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి. కుటుంబ తగాదా ఉన్నవారు మాత్రం సభలో పేర్లు చెప్పకుండా తర్వాత నాతో విడిగా మాట్లాడండి.